జాజ్: డోలు పోయినా నిలిచిన దరువు

జాజ్ పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతి వారి మధ్య రూపుదిద్దుకున్న సంగీతం. అందులో వాడే వాయిద్యాలు దాదాపు అన్నీ యూరప్‌వే: కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్, పియానో, డబుల్ బేస్. శాక్సోఫోన్‌ను తయారుచేసినవాడు బెల్జియం దేశస్థుడు. స్వరాలను దొంతరగా పేర్చే హార్మనీ పద్ధతి చర్చి కీర్తనల నుంచీ కవాతు బ్యాండ్ల నుంచీ వచ్చింది. అయినా జాజ్ విన్నవారెవరూ దాన్ని యూరప్ సంగీతమనుకోలేదు. ఆ తేడా లయలో ఉంది, గొంతులో ఉంది, పదిమందీ కలిసి పాడే తీరులో ఉంది. అవన్నీ ఎక్కడివని వెతుక్కుంటూ పోతే దారి పశ్చిమాఫ్రికాకు, కాంగో నదీ తీరానికి చేరుతుంది. ఆ దారి తిన్నగా మాత్రం సాగదు.

1819 ఫిబ్రవరి 21, ఆదివారం. వాషింగ్టన్‌లోని అమెరికా చట్టసభ భవనానికి పనిచేసిన వాస్తుశిల్పి బెంజమిన్ లాట్రోబ్ నీటి సరఫరా పనుల మీద న్యూ ఆర్లియన్స్ వచ్చి ఉన్నాడు. ఊరి వెనక వైపు నుంచి ఏదో చప్పుడు వినబడింది. చెక్క నేల మీద గుర్రాలు తొక్కిసలాడుతున్నాయేమో అనుకున్నాడు. వెళ్లి చూస్తే మైదానంలో ఐదారు వందల మంది నల్లవాళ్లు గుంపులు గుంపులుగా వలయాలు కట్టి ఆడుతున్నారు. ఒక ముసలాయన గుండ్రటి డోలు మీద కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చుని చేతులతో, వేళ్లతో వాయిస్తున్నాడు. సొరబుర్రకు తంతులు బిగించిన వాయిద్యం ఒకటుంది. దాని మెడ చివర కూర్చున్న మనిషి బొమ్మ చెక్కి ఉంది. ఇది ఆఫ్రికా నుంచే వచ్చి ఉంటుందని లాట్రోబ్ రాసుకున్నాడు, బొమ్మలు గీసుకున్నాడు. ఆ పాటలు ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. నచ్చనివాడు అంత శ్రద్ధగా గీసిపెట్టడం మాత్రం చరిత్రకు మేలైంది. మరుసటేడు పచ్చజ్వరంతో అదే ఊళ్లో చనిపోయాడు.

ఆ మైదానం పేరు కాంగో స్క్వేర్.

ఆదివారం సెలవు

బానిసలు బాహాటంగా డోళ్లు వాయించుకోగలగడం ఆ రోజుల అమెరికాలో మామూలు విషయం కాదు. 1739లో దక్షిణ కెరోలినాలోని స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడి, డోళ్లు మోగిస్తూ నడిచారు. మరుసటేడే అక్కడి ప్రభుత్వం డోళ్లను, బూరలను నిషేధిస్తూ చట్టం చేసింది. డోలు మాటలు మోసుకుపోగలదని యజమానులకు తెలుసు. అందుకే ఇంగ్లిష్ వలసల్లో చాలాచోట్ల డోలు మూగబోయింది. జనం మాత్రం దరువు వదల్లేదు. అరచేతులు, తొడలు, రొమ్ము, మడమలు డోళ్లయ్యాయి. ఒంటినే వాద్యం చేసుకునే ఈ పద్ధతికి జూబా అని పేరు.

న్యూ ఆర్లియన్స్ ఉన్న లూయిజియానా కథ వేరు. మొదట ఫ్రెంచివారు, తర్వాత స్పెయిన్‌వారు ఏలిన కాథలిక్ వలస అది. 1724 నాటి ఫ్రెంచి బానిస చట్టం క్రూరమైనదే, కాని ఆదివారం పని చేయించరాదని ఒక మాట అందులో ఉంది. ఆ ఒక్క సెలవు రోజు నుంచి సంత పుట్టింది, సంత పక్కన ఆట పుట్టింది. ఊరు అమెరికా చేతికి వచ్చాక, 1817లో, నగరపాలక సంస్థ బానిసలు ఆదివారాల్లో ఒక్క నిర్ణీత స్థలంలోనే, పొద్దుగూకే లోపు మాత్రమే గుమిగూడాలని కట్టడి చేసింది. కట్టడి కోసం చేసిన ఆ నిబంధనే జనాన్నంతా ఒక్కచోటికి చేర్చింది.

వచ్చినవారు ఒక జాతి వారు కారు. ఫ్రెంచి కాలంలో లూయిజియానాకు తెచ్చినవారిలో ఎక్కువమంది సెనగల్, గాంబియా నదుల మధ్య ప్రాంతం వాళ్లు. తర్వాత కాంగో ప్రాంతం వారి సంఖ్య పెరిగింది. హైతీ విప్లవం వల్ల చెదిరి క్యూబాలో తలదాచుకున్నవారు 1809, 1810ల్లో తొమ్మిది వేలకు పైగా ఒక్కసారిగా న్యూ ఆర్లియన్స్ చేరి, ఊరి జనాభాను దాదాపు రెట్టింపు చేశారు. వారిలో తెల్లవారు, స్వేచ్ఛ పొందిన నల్లవారు, బానిసలు ఇంచుమించు మూడో వంతు చొప్పున ఉన్నారు. ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ మీదుగా ఓడలెక్కించినవారు మొత్తం కోటీ 25 లక్షల మంది అయితే, నేరుగా ఉత్తర అమెరికా గడ్డ మీద దిగినవారు సుమారు 3 లక్షల 88 వేల మందే. కరీబియన్ దీవుల సాయం లేకుండా న్యూ ఆర్లియన్స్ సంగీతం అర్థం కాదని చెప్పేది ఈ లెక్కలే.

ఇలాంటి జాడలు మనకూ కొత్త కాదు. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వదళం. సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికావారూ యెమెన్ అరబ్బులూ తెచ్చిన మర్ఫా దరువు పాతబస్తీ పెళ్లి బరాత్‌లలో నేటికీ మోగుతుంది.

తకిట తకిట తక

లయ దగ్గర కొంచెం ఆగాలి. ఎనిమిది మాత్రల ఆవర్తాన్ని నాలుగూ నాలుగూగా విడగొట్టడం యూరప్ కవాతు పద్ధతి. అదే ఎనిమిదిని మూడు, మూడు, రెండుగా విడగొడితే మన జతుల్లో తకిట తకిట తక అవుతుంది. కాలు నాలుగు సమానమైన అడుగులు వేస్తుండగా చేయి ఈ తకిట తకిట తక వాయిస్తే, రెండో తకిట అడుగుల మధ్య సందులో పడుతుంది. ఆ సందే నడుమును కదిలిస్తుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో విరివిగా వినిపించే ఈ నడక క్యూబా, హైతీల మీదుగా న్యూ ఆర్లియన్స్‌కు వచ్చింది. ఆ ఊళ్లోనే పుట్టిన పియానో విద్వాంసుడు లూయీ మొరో గాట్‌షాక్ 1840ల చివర్లో రాసిన 'బంబూలా'లో అది ఉంది. డబ్ల్యూ.సి. హ్యాండీ 1914 నాటి 'సెయింట్ లూయిస్ బ్లూస్' నడిమి భాగంలో దీనికి దగ్గరి బంధువైన హబనేరా నడక ఉంది. 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం అలన్ లోమాక్స్ రికార్డు చేసిన ముచ్చట్లలో పియానో విద్వాంసుడు జెల్లీ రోల్ మోర్టన్ దీన్ని స్పానిష్ ఛాయ అన్నాడు. అది లేనిదే జాజ్‌కు సరైన రుచి రాదని పియానో మీద వాయించి చూపించాడు. ఆయన స్పానిష్ అన్నదాని వెనక ఉన్నది ఆఫ్రికాయే.

ఒకే సమయంలో రెండు మూడు లయలు నడపడం, వాటి రాపిడిలోంచి ఊపు తెప్పించడం ఈ సంగీతానికి ప్రాణం. ఆఫ్రికాలో ఆ పనికి నలుగురైదుగురు డోలు వాద్యకారులు కావాలి. అమెరికాలో ఒక్కడే చేశాడు. 1909లో లడ్విగ్ సోదరులు పెద్ద డోలును కాలితో మోగించే పెడల్ తయారుచేశాక ఒక మనిషి రెండు చేతులతో, కాళ్లతో నాలుగు పాత్రలు ధరించడం సులువైంది. ఆ డ్రమ్ సెట్‌లో తాళాలు టర్కీవి, టామ్‌టామ్‌లు మొదట్లో చైనావి, స్నేర్ డ్రమ్ యూరప్ సైన్యాలది. ఆఫ్రికా వస్తువు ఒక్కటీ లేదు. కానీ న్యూ ఆర్లియన్స్ డ్రమ్మర్ బేబీ డాడ్స్ నుంచి, 1960ల్లో శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ వెనక వాయించిన ఎల్విన్ జోన్స్ దాకా వింటే, ఒక ఊరి డోళ్లన్నీ ఒక మనిషిలో దూరినట్టే ఉంటుంది.

క్యూబా, బ్రెజిల్ సంగీతాల్లో గంట మీద విడవకుండా మోగుతూ తాళాన్ని పట్టి ఉంచే ఆఫ్రికా దరువు ఉంటుంది. అమెరికాలో అది దాదాపు లేదు. నిషేధం ఎక్కడ గట్టిగా పడిందో ఈ లోటు చూపిస్తుంది.

వంత పాట

బుర్రకథ విన్నవారికి ఈ భాగం వివరించనక్కర్లేదు. కథకుడు ఒక మాటంటాడు, వంతలు అందుకుంటారు. పొలంలో, రైలు పట్టాల పనిలో, చర్చిలో నల్లజాతి వారి పాట ఇలాగే నడిచింది. జాజ్‌లో వంత పాడేవి వాయిద్యాలు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 రికార్డు 'వెస్ట్ ఎండ్ బ్లూస్'లో క్లారినెట్ ఒక చిన్న పలుకు పలికితే ఆయన మాటల్లేని గొంతుతో బదులిస్తాడు. కౌంట్ బేసీ బృందం 1937లో చేసిన 'వన్ ఓక్లాక్ జంప్'లో శాక్సోఫోన్ల వరుస ఒక చిన్న పదబంధాన్ని పట్టుకుంటుంది, ఇత్తడి బూరల వరుస దానికి జవాబిస్తుంది. అదే పదబంధం మళ్లీ మళ్లీ వస్తుంటే వేడి పెరుగుతూ పోతుంది. చార్లెస్ మింగస్, ఎరిక్ డాల్ఫీ 1960లో రికార్డు చేసిన 'వాట్ లవ్'లో బేస్, బేస్ క్లారినెట్ రెండూ నిజంగానే పోట్లాడుకుంటున్నట్టుంటాయి. మాటలే లేవు, తగవు మాత్రం అర్థమవుతుంది.

వాయిద్యం చేత మాట్లాడించాలన్న కోరిక కూడా పాతదే. యొరుబా వంటి భాషల్లో స్వరం మారితే పదం అర్థమే మారుతుంది కాబట్టి డోలు వాక్యాలు పలకగలదు. అమెరికాలో ఆ భాష పోయింది, పలికించాలన్న పట్టుదల పోలేదు. కింగ్ ఆలివర్ 1923లో 'డిప్పర్‌మౌత్ బ్లూస్'లో కార్నెట్ మూతికి మ్యూట్ అడ్డుపెట్టి దాన్ని ఏడిపించాడు. డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో బబ్బర్ మైలీ ట్రంపెట్ చేత గుర్రుమనిపించాడు. శుద్ధమైన నాదాన్ని మెచ్చే యూరప్ చెవికి ఇది మొదట్లో మోటుగా తోచింది. ఆఫ్రికాలో అలాంటి జీర కావాలనే చేర్చుతారు. ఎంబీరా అనే వాద్యానికి నత్తగుల్లలో సీసా మూతలో తగిలిస్తారు. బలాఫోన్ అనే చెక్క పలకల వాద్యం కింది సొరబుర్రలకు చిల్లు పెట్టి సాలెపురుగు గుడ్ల సంచి పొర అంటిస్తారు. తంబురా తీగ కింద జీవ కోసం నూలుపోగు సర్దే మనవాళ్లకు ఈ రుచి పరాయిదేమీ కాదు.

ఇక బ్లూ నోట్లు. మూడో, ఏడో స్వరాలను పియానో మెట్లకు లొంగకుండా కొంచెం కిందికి వంచి పలకడం. గమకం తెలిసిన చెవి దీన్ని చటుక్కున పట్టుకుంటుంది. ఆస్ట్రియా పరిశోధకుడు గెర్హార్డ్ కూబిక్ 1999 నాటి పుస్తకంలో బ్లూస్ అనే నల్లజాతి వారి గాన పద్ధతి లక్షణాలు సహారా దక్షిణపు అంచు ప్రాంతానివని వాదించాడు. డోళ్ల కన్నా తంతి వాద్యం, ఒంటరి గొంతు ఎక్కువగా వినిపించే నేల అది. మాలీ గాయకుడు అలీ ఫర్కా తూరే వాయిస్తే మిసిసిపీ బ్లూస్ విన్నట్టే ఉంటుంది. అయితే ఆయన అమెరికా బ్లూస్ గాయకుడు జాన్ లీ హుకర్ రికార్డులు విన్నవాడే. పోలిక కనబడగానే అది మూలమనుకోవడం తొందరపాటు.

ఆ మాటకొస్తే జాజ్ అన్న పదం కూడా ఆఫ్రికా భాషలదని చాలామంది చెప్పారు, ఎవరూ రుజువు చేయలేదు. అది అచ్చులో మొదట కనిపించింది 1912, 1913ల్లో కాలిఫోర్నియా పత్రికల బేస్‌బాల్ వార్తల్లో.

మధ్యలో యాభై ఏళ్లు

పంతొమ్మిదో శతాబ్దం నడిమికి కాంగో స్క్వేర్ ఆటలు సద్దుమణిగాయి. జాజ్‌కు ఆద్యుడని పేరున్న కార్నెట్ వాద్యకారుడు బడ్డీ బోల్డెన్ పుట్టింది 1877లో. ఈ రెంటి మధ్య ఖాళీని ప్రచార వ్యాసాలు ఒక్క గెంతులో దాటేస్తాయి. శాక్సోఫోన్, క్లారినెట్ విద్వాంసుడు సిడ్నీ బెషే తన ఆత్మకథలో తాత ఒమర్ కాంగో స్క్వేర్‌లో డోలు వాయించిన కథ అద్భుతంగా చెప్పాడు. పరిశోధకులు వెతికితే అందులో లూయిజియానా జానపద గాథల పాలే ఎక్కువ కనబడింది. కథగా అది గొప్పదే, సాక్ష్యంగా చెల్లదు.

అసలు వంతెనలు వేరే చోట ఉన్నాయి. ఒకటి చర్చి. జార్జియా, దక్షిణ కెరోలినా తీరాల్లోని గల్లా అనే నల్లజాతి ప్రజలు క్రైస్తవులయ్యాక కూడా ప్రార్థన ముగిశాక గుండ్రంగా, గడియారం ముళ్లకు ఎదురు దిక్కుగా, పాదాలు నేల మీద ఈడుస్తూ తిరిగేవారు. చప్పట్లే తాళం. దీన్ని రింగ్ షౌట్ అంటారు. పాదం పాదం మీద వేయకపోతే నాట్యం కాదని, నాట్యం కాకపోతే పాపం లేదని వాళ్ల లెక్క! 1910ల్లో ఆ తీరం నుంచి న్యూయార్క్ వలస వచ్చిన కూలీలకు జంగిల్స్ కాసినోలో పియానో వాయించినవాడు జేమ్స్ పి. జాన్సన్. వాళ్ల అడుగులకు తగినట్టు కట్టిన బాణీల్లో ఒకటి 'కెరోలినా షౌట్', 1921లో రికార్డయింది. డ్యూక్ ఎలింగ్టన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆ బాణీని పియానో రోల్ పెట్టుకుని నేర్చుకున్నాడు. 1923లో దేశమంతా ఊగిన 'చార్ల్‌స్టన్' కూడా జాన్సన్‌దే. తకిట తకిట తకలోని మొదటి రెండు దెబ్బలే దాని నడక.

గల్లా వారి జ్ఞాపకం ఎంత గట్టిదో చెప్పే ఉదంతం ఒకటుంది. 1930ల మొదట్లో భాషా శాస్త్రజ్ఞుడు లొరెంజో డౌ టర్నర్ జార్జియాలోని హారిస్ నెక్ అనే పల్లెలో అమీలియా డాలీ అనే ఆమె పాడిన పాట రికార్డు చేశాడు. ఆమెకు అర్థం తెలియదు, తల్లి నేర్పిన పాట. అది సియెర్రా లియోన్‌లోని మెండే భాష అని తేలింది. 1990లో పరిశోధకులు ఆ దేశంలోని మారుమూల పల్లె సెనెహున్ ఎన్‌గోలాలో అదే పాట తెలిసిన స్త్రీని కనుగొన్నారు. అది చావు పాట, ఆడవాళ్లు అమ్మమ్మల నుంచి నేర్చుకునేది. 1997లో అమీలియా కూతురు మేరీ మొరాన్ ఆ పల్లెకు వెళ్లి వాళ్లతో కలిసి పాడింది. ఇది జాజ్ కాదు. కానీ రెండు వందల ఏళ్లలో ఏదీ మిగిలి ఉండదని వాదించేవారికి ఇంతకు మించిన జవాబు దొరకదు.

రెండో వంతెన శవయాత్ర. న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి వారి సహాయ సంఘాలు నెలనెలా చందా వసూలు చేసి, సభ్యుడు పోతే బ్యాండుతో సాగనంపేవి. శ్మశానం దాకా నెమ్మదైన కీర్తన, పూడ్చాక ఊపున్న పాట, వెనక గొడుగులు ఊపుతూ ఆడే జనం. ఆ జనాన్ని సెకండ్ లైన్ అంటారు. తిరుగు దారిలో హుషారు పాట వాయించడం యూరప్ సైనిక శవయాత్రల్లోనూ ఉంది. నిండు జీవితం గడిపి పోయినవారిని ఆటపాటలతో పంపడం పశ్చిమాఫ్రికాలోనూ ఉంది. రెండూ కలిసిన చోట ఆచారం గట్టిపడింది. డప్పుల మోతతో పెద్దవాళ్లను సాగనంపే మన పల్లెవారికి ఇందులో వింతేమీ తోచదు.

మూడోది ఒక కోర్టు తీర్పు పుణ్యం, పాపం కూడా. యూరప్ సంగీతం చదువుకున్న మిశ్రమ జాతి క్రియోల్ వాద్యకారులు ఊరి దిగువ భాగంలో, స్వరలిపి రాకుండా చెవితో వాయించే నల్లవారు ఎగువ భాగంలో ఉండేవారు. న్యూ ఆర్లియన్స్ క్రియోల్ హోమర్ ప్లెసీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1896లో జాతి విభజనను సమర్థించడంతో క్రియోల్‌లను కూడా నల్లవారి వైపే నెట్టేశారు. లిపి తెలిసిన వేళ్లూ, వంచి పలికే గొంతులూ ఒకే బ్యాండులో చేరాయి. బోల్డెన్ ఆ కాలం వాడే. 1907లో మతి చలించి ఆసుపత్రి పాలై 1931లో అక్కడే చనిపోయాడు. ఆయన వాయించిన రికార్డు ఒక్కటీ మిగల్లేదు.

పండితుల తగవు

ఈ వారసత్వం నిజమా, ఊహా అన్న వాదం పాతది. నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1939లో బానిసత్వం ఆఫ్రికా జ్ఞాపకాలను తుడిచిపెట్టిందన్నాడు. తెల్లవాడైన మానవశాస్త్రవేత్త మెల్విల్ హెర్స్‌కోవిట్స్ 1941లో దానికి పూర్తి విరుద్ధంగా రాశాడు. ఫ్రేజియర్ భయం అర్థం చేసుకోదగ్గదే: మీరు వేరే జాతి, మీ సంస్కృతి వేరు అంటే సమాన హక్కులు నిరాకరించడానికి అదొక సాకు అవుతుంది. సంగీతం వరకు మాత్రం సాక్ష్యం హెర్స్‌కోవిట్స్ వైపే మొగ్గింది. 1963లో లీరాయ్ జోన్స్ 'బ్లూస్ పీపుల్' పుస్తకంతో, 1968లో గుంథర్ షూలర్ 'ఎర్లీ జాజ్' పుస్తకంతో ఆ వాదాన్ని ముందుకు తీసుకెళ్లారు. ఘనా పండితుడు కోఫీ అగావు మరో హెచ్చరిక చేశాడు. ఆఫ్రికా లయ అంటూ ఒకే ముద్దను ఊహించుకోవడం, ఆ ఖండం వారికి లయ తప్ప మరేమీ లేనట్టు మాట్లాడటం పాశ్చాత్యుల అలవాటని ఎత్తిచూపాడు. అది ఒప్పుకోవలసిన మాటే.

వాద్యకారులు కూడా ఒకే మాట మీద లేరు. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ 1940ల చివర్లో పశ్చిమాఫ్రికా వెళ్లివచ్చాడు, 1962లో 'ది ఆఫ్రికన్ బీట్' రికార్డు చేశాడు. అదే బ్లేకీ జాజ్ అమెరికాది, ఆఫ్రికాతో దానికి సంబంధం లేదని ఇంటర్వ్యూల్లో కొట్టిపారేశాడు!

తిరుగు ప్రయాణం

1947లో హవానా నుంచి న్యూయార్క్ వచ్చిన డోలు విద్వాంసుడు చానో పోసోకు ఇంగ్లిష్ దాదాపు రాదు. ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ బృందంలో చేరి ఆ ఏడాదే 'మాంటేకా' కట్టాడు. నైజీరియా, కామెరూన్ సరిహద్దు నుంచి క్యూబాకు వచ్చిన అబకువా సోదర సంఘం డోళ్లు తెలిసిన చేతులు అవి. మరుసటేడు డిసెంబరులో హార్లెమ్‌లో హత్యకు గురయ్యాడు. ఏడాదిలోనే జాజ్‌లో ఆయన వాయించిన కాంగా డోలుకు శాశ్వతంగా చోటు దొరికింది.

1956లో ఆర్మ్‌స్ట్రాంగ్ అక్రా వెళ్లినప్పుడు బహిరంగ కచేరీకి లక్ష మంది దాకా వచ్చారు. అక్కడ ఆడుతున్న ఒక స్త్రీలో ఆయనకు చనిపోయిన తల్లి పోలికలు కనబడ్డాయి. తన పూర్వీకులు అక్కడివారేనని నమ్మాడు. పియానో విద్వాంసుడు రాండీ వెస్టన్ 1960లో, ఆఫ్రికా దేశాలు వరసగా స్వతంత్రమవుతున్న ఏడాదిలో, కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ రచనతో 'ఉహురు ఆఫ్రికా' రికార్డు చేశాడు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 1964లో దాన్ని నిషేధించింది. వెస్టన్ తర్వాత మొరాకోలోని టాంజియర్‌లో కాపురముండి, బానిసల వారసులైన గ్నావా వాద్యకారులతో దశాబ్దాలు పనిచేశాడు. ఈ విషయంలో మాటలకన్నా ఎక్కువ పని చేసినవాడు బహుశా ఆయనే. కోల్ట్రేన్ 1961లో 'ఆఫ్రికా/బ్రాస్' చేశాడు. నైజీరియా డోలు విద్వాంసుడు బాబతుండే ఒలాతుంజీ హార్లెమ్‌లో నడిపిన కేంద్రంలో 1967 ఏప్రిల్‌లో వాయించాడు. మనకు మిగిలిన కోల్ట్రేన్ చివరి కచేరీ రికార్డు అదే.

ఈలోగా జాజ్ ఆఫ్రికాలో కొత్త పిల్లల్ని కన్నది. నైజీరియాలో డ్రమ్మర్ టోనీ అలెన్, అమెరికా డ్రమ్మర్లు మాక్స్ రోచ్‌నూ బ్లేకీనీ విని నేర్చుకుని, గాయకుడు ఫెలా కూటీ పక్కన ఆఫ్రోబీట్ దరువు కట్టాడు. బోస్టన్‌లో జాజ్ చదివిన ములాటు అస్తాట్కే ఇథియోపియా స్వర మేళాలతో ఇథియో జాజ్ అల్లాడు. కేప్‌టౌన్‌లో పియానో విద్వాంసుడు అబ్దుల్లా ఇబ్రహీం 1974లో వాయించిన 'మానెన్‌బర్గ్' జాతి వివక్ష వ్యతిరేక పోరాటానికి పాటయింది.

కాంగో స్క్వేర్‌కు న్యూ ఆర్లియన్స్ నగరం 1893లో, బానిసత్వం నిలబెట్టడానికి పోరాడిన పక్షపు సేనాని బోరెగార్డ్ పేరు పెట్టింది. వాడుకలో ఎవరూ పాత పేరు మానలేదు. 2011లో నగర మండలి ఆ పేరునే అధికారికం చేసింది. ఇప్పుడది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో భాగం. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ డోళ్లు మోగుతున్నాయి.